నయమైనవాళ్ళు ఏమయ్యారు?

టైఫాయిడ్ వచ్చి తగ్గిన మనిషిని చూడండి. నెల తిరక్కముందే వీధి వీధంతా ఆ కథ తెలిసిపోతుంది. ఏ డాక్టరు చూశాడు, ఎన్ని ఇంజెక్షన్లు పడ్డాయి, జావ ఎన్నాళ్ళు తాగించారు, పథ్యం దగ్గర ఇంట్లో మామ్మగారికీ డాక్టరుగారికీ ఎలా మాట పట్టింపు వచ్చింది, అన్నీ పూసగుచ్చినట్టు చెబుతాడు. ఎదురింటివాళ్ళ పిల్లాడికి జ్వరం వస్తే తానే ఆటో పిలిచి ఆ డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుని వెళతాడు. గుండె ఆపరేషన్ అయినవారైతే చొక్కా గుండీ విప్పి కుట్లు కూడా చూపిస్తారు.

మరి మానసిక వ్యాధి వచ్చి తగ్గిన మనిషిని మీరెప్పుడైనా చూశారా?

"లేదండీ, అదెక్కడ తగ్గుతుంది!" అంటారు మీరు. చూసే ఉంటారు. మీకు తెలియదు, అంతే. 2015-16లో మన దేశంలో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపితే, వ్యసనాలతో సహా లెక్కవేసినప్పుడు, పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్టు తేలింది. ఇంతమందిలో తగ్గినవాళ్ళు లేకుండా ఉంటారా? బ్యాంకు కౌంటరు వెనుక కూర్చున్నాయన కావచ్చు. మీ పిల్లకి లెక్కలు చెప్పే టీచరమ్మ కావచ్చు. వాళ్ళు చెప్పరు. చెబితే ఏమవుతుందో వాళ్ళకు బాగా తెలుసు. "ఎర్రగడ్డ నుంచి వచ్చాడట" అని ఒక్క మాట బయటికి పొక్కితే చాలు, ఆ మనిషి మళ్ళీ కోప్పడడానికి కూడా వీల్లేదు. అందరికీ వచ్చే కోపం అతనికి వస్తే జబ్బు తిరగబెట్టిందంటారు.

ఇంతవరకూ మీకు తెలియని సంగతి ఏమీ లేదు. మీకు తెలియని సంగతి ఇంకొకటుంది. నయమైనవాళ్ళను మీరు చూడనట్టే మా డాక్టర్లలో కూడా చాలామంది చూడరు. చదువుకునే రోజుల్లో అసలే చూడరు.

మేం చదువుకున్న తీరు

మెడికల్ కాలేజీలో మాకు పాఠం చెప్పే పద్ధతి ఒకటుంది. దాన్ని "కేసు చూపించడం" అంటారు. రోగి మంచం చుట్టూ పదిహేనుమంది విద్యార్థులు నిలబడతారు. ప్రొఫెసరుగారు రోగి పొట్ట నొక్కి చూపిస్తారు, గుండె చప్పుడు వినిపిస్తారు. రోగి పేరు ఎవరికీ గుర్తుండదు. "మూడో నంబరు మంచం, లివరు కేసు" అంటే అందరికీ అర్థమవుతుంది. లివరు విషయంలో దీనివల్ల పెద్ద నష్టం లేదేమో. మనసు విషయంలో ఉంది.

నా చదువు రోజుల్లో మానసిక వార్డులో మాకు రెండు వారాల పోస్టింగు ఉండేది. అందులో నాకు అప్పగించిన కేసు ఒక పాతికేళ్ళ కుర్రవాడు. జబ్బు స్కిజోఫ్రీనియా. ఎవరూ లేనిచోట మాటలు వినిపించడం, అందరూ తన మీద కుట్ర పన్నుతున్నారనిపించడం వంటి లక్షణాలుంటాయి ఇందులో. ఒకరోజు మమ్మల్ని బెంచీల మీద కూర్చోబెట్టి ఆ అబ్బాయిని మా ఎదుట నిలబెట్టారు. మా ప్రొఫెసరుగారు మంచివారే, దయగలవారే. గంటసేపు ప్రశ్నలు అడిగారు. ఎవరి గొంతు వినిపిస్తుంది? ఏమని తిడుతుంది? మీ నాన్న అన్నంలో విషం కలుపుతున్నాడని నీకెందుకు అనిపించింది? అబ్బాయి అన్నిటికీ తలవంచుకుని జవాబులు చెప్పాడు. మేం రాసుకున్నాం. ఇక వెళ్ళవచ్చు అనగానే అతను కదలకుండా నిలబడి, "నాకు తగ్గుతుందాండీ?" అని అడిగాడు.

ప్రొఫెసరుగారు మా వైపు తిరిగి, "ఇన్‌సైట్ కొంత ఉంది, రాసుకోండి" అన్నారు. ఇన్‌సైట్ అంటే తనకు జబ్బు ఉందన్న ఎరుక రోగికి ఉండడం.

మేం అదీ రాసుకున్నాం. అతని ప్రశ్నకు జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. అది ప్రశ్న అని కూడా మాకు తట్టలేదు, లక్షణం అనుకున్నాం!

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా గడిచాక, మా ఊళ్ళో నా క్లినిక్కుకు రక్తపోటు చూపించుకోవడానికి ఒకాయన భార్యతో వచ్చాడు. ఆమె మందుల షాపుకు వెళ్ళగానే కుర్చీ ముందుకు జరుపుకుని, "డాక్టరుగారూ, నేను ఇంకో మాత్ర కూడా వేసుకుంటున్నాను. మీరిచ్చే మాత్రలతో అది కలవవచ్చో లేదో చెప్పాలి కదా, అందుకని చెబుతున్నా" అని జేబులోంచి ఒక రేకు తీసి చూపించాడు. చూస్తే అది స్కిజోఫ్రీనియాకు ఇచ్చే మందు, చిన్న మోతాదు. అప్పుడు చెప్పాడు, నన్ను ఏ వార్డులో చూశాడో. నేనే గుర్తుపట్టలేదు.

మోటారు వైండింగు షాపు పెట్టుకున్నాడు. ఇద్దరు కుర్రాళ్ళకు పని నేర్పాడు. పెళ్ళైంది, భార్యకు అన్నీ తెలుసు. మాత్రలు మాత్రం ఊళ్ళో కొనడు, జిల్లా కేంద్రానికి వెళ్ళి రెండు నెలలకు సరిపడా తెచ్చుకుంటాడు. "అమ్మాయికి సంబంధాలు చూస్తున్నామండీ, చీటీ మీద ఆ మాత్ర పేరు రాయకండి" అన్నాడు.

బాగుపడి, సంసారం చేసుకుంటూ, పన్ను కట్టుకుంటూ బతుకుతున్న స్కిజోఫ్రీనియా మనిషితో నేను ఎదురెదురుగా కూర్చుని మాట్లాడడం అదే మొదటిసారి. అప్పటికి నేను డాక్టరునై రెండు దశాబ్దాలు దాటింది. ఈలోగా ఎన్ని కుటుంబాలకు "ఇది జీవితాంతం ఉండేదేనమ్మా, అతని మీద ఆశ పెట్టుకోకండి" అని చెప్పి ఉంటానో లెక్కపెట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

డాక్టర్ల కంటికి కట్టిన గంతలు

ఇది నా ఒక్కడి పొరపాటైతే మీకు చెప్పవలసిన పని లేదు. 1984లో అమెరికాలో ప్యాట్రీషియా కోహెన్, జేకబ్ కోహెన్ అనే ఇద్దరు పరిశోధకులు దీని మీద ఒక వ్యాసం రాశారు. దీనికి "వైద్యుడి భ్రమ" అని పేరు పెట్టారు. సంగతి చాలా తేలిక. ఒక జబ్బు వందమందికి వచ్చిందనుకోండి. అందులో కొందరు త్వరగా కోలుకుని ఆస్పత్రి మొహం మళ్ళీ చూడరు. మరికొందరు ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటారు. ఏ రోజైనా ఓ.పి.లోకి వెళ్ళి లెక్కపెడితే మీకు కనిపించేది ఆ రెండో రకమే ఎక్కువ. రోజూ వాళ్ళనే చూసే డాక్టరు, ఈ జబ్బు వస్తే అందరూ ఇలాగే ఉంటారని నమ్మేస్తాడు. బస్టాండులో కూర్చుని, ఎక్కి వెళ్ళిపోయినవాళ్ళను వదిలేసి, బస్సు దొరకనివాళ్ళను లెక్కపెట్టి, ఈ ఊరికి బస్సులే లేవన్నట్టు!

లెక్క సరిగా కడితే ఏమవుతుందో 1987లో కోర్టనీ హార్డింగ్ అనే ఆవిడ చూపించింది. వెర్మాంట్ రాష్ట్రంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో, ఇక వీళ్ళు బాగుపడరని ఎప్పుడో ఆశ వదులుకున్న వార్డుల నుంచి 1950లలో బయటికి పంపిన రోగులను మూడు దశాబ్దాల తర్వాత వెతికి పట్టుకున్నారు. వాళ్ళలో సగం నుంచి మూడింట రెండు వంతుల మంది దాకా బాగా మెరుగుపడినవారో, పూర్తిగా కోలుకున్నవారో ఉన్నారు. అందరికీ తగ్గుతుందని నేను అనడం లేదు. కొందరికి తగ్గదు, ఆ బాధ చిన్నది కాదు. కానీ తగ్గినవాళ్ళను చూడకుండా చదువు ముగించిన డాక్టరు, మీ అబ్బాయిని చూసి చెప్పే మాట సగం చూసి చెప్పే మాటే.

మరి దీనికి మందేమిటి? కొన్ని దేశాల్లో కనిపెట్టిన మందు ఇదీ: నయమైనవాళ్ళను తిరిగి క్లాసుగదిలోకి పిలవడం. ఈసారి కేసుగా నిలబెట్టడానికి మాత్రం పిలవరు. పాఠం చెప్పడానికి పిలుస్తారు.

బ్రిటన్‌లో సైకియాట్రిస్టుల రాయల్ కాలేజీ 2005లో ఒక నియమం పెట్టింది. మానసిక వైద్యంలో శిక్షణ పొందే ప్రతి డాక్టరూ, ఆ జబ్బు అనుభవించినవారి దగ్గరా, వారిని ఇంట్లో చూసుకున్నవారి దగ్గరా నేరుగా కొంత శిక్షణ పొందాలి. ఉంటే బావుండునని సలహా ఇచ్చి ఊరుకోలేదు, తప్పనిసరి చేశారు.

అమెరికాలో ప్యాట్రీషియా డీగన్ అని ఒక సైకాలజిస్టు ఉన్నారు. ఆమెకు పదిహేడో ఏట స్కిజోఫ్రీనియా అని చెప్పారు. తర్వాత ఆమె మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు సంపాదించి, వైద్య సిబ్బందికి ఒక చిత్రమైన పాఠం తయారుచేశారు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకోవాలి. వాటిలోంచి ఎవరో గొణుగుతూ, తిడుతూ, వెక్కిరిస్తూ ఉంటారు. అవి వింటూనే మామూలు పనులు చేయాలి. బయటికి వెళ్ళి నలుగురితో మాట్లాడాలి, డాక్టరు అడిగే ప్రశ్నలకు జవాబులు చెప్పాలి, తెలివితేటల పరీక్ష రాయాలి. ముప్పావు గంట అయ్యేసరికి చాలామందికి నీరసం వచ్చేస్తుంది. "వీడు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పడు, మొద్దు" అని మనం అనుకునే మనిషి, ఒకేసారి ఇద్దరికి జవాబు చెప్పుకుంటున్నాడని అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఇలా గొంతులు వినిపించే పాఠాల మీద జరిగిన పరిశోధనలన్నీ 2011లో కొందరు పోగేసి చూశారు. విన్నవారిలో జాలి పెరిగిన మాట నిజమే. కానీ ఆ జబ్బు ఉన్నవారికి దూరంగా ఉండాలన్న కోరిక కూడా పెరిగింది! ఎందుకంటారా? జబ్బును ఒక్కదాన్నే రుచి చూపిస్తే భయం పుడుతుంది. ఆ జబ్బుతో ఇరవై ఏళ్ళు నెగ్గుకొచ్చిన మనిషి పక్కన కూర్చుని, "నేను దీన్ని ఇలా దాటాను" అని చెబితే ఆ భయం తగ్గుతుంది. అంచేత డబ్బాలోంచి వచ్చే గొంతు మనిషికి బదులు కాలేదు. డీగన్ పాఠం వెనుక డీగన్ అనే మనిషి ఉందన్న సంగతి మరిచిపోయి, పరికరం ఒక్కటీ పట్టుకుపోతే ఫలితం అలాగే ఉంటుంది.

నేపాల్‌లో చేసిన పని

బ్రిటన్, అమెరికా సంగతులు మనకెందుకండీ, వాళ్ళకు డబ్బుంది అంటారేమో. పక్కనే ఉన్న నేపాల్‌ని చూద్దాం. అక్కడ సైకియాట్రిస్టులు మరీ తక్కువ. అందుకని పల్లెల్లో ఉండే ఆరోగ్య కేంద్రాల సిబ్బందికే మానసిక జబ్బులు గుర్తుపట్టడం, మందులివ్వడం నేర్పుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పాఠాలే. కానీ పాఠాలు విన్నా సిబ్బందిలో ఒక జంకు ఉండిపోయింది. మానసిక రోగి మీదపడి కొడతాడేమో, ఇలాంటివాళ్ళతో కూర్చుంటే మిగతా రోగులను ఎప్పుడు చూడాలి, ఇంత చేసినా వాళ్ళకు తగ్గుతుందా, ఇవీ వాళ్ళ భయాలు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగినా ఇవే చెబుతారు.

చిత్వన్ జిల్లాలో ఏం చేశారంటే, చికిత్స తీసుకుని కోలుకుంటున్న కొందరికి చేతికి కెమెరా ఇచ్చారు. జబ్బుగా ఉన్నప్పుడు తమ బతుకు ఎలా ఉండేదో, ఇప్పుడెలా ఉందో చెప్పే ఫోటోలు వాళ్ళనే తీసుకోమన్నారు. ఆ ఫోటోలు చూపిస్తూ తమ కథ నలుగురిలో చెప్పడం కొన్ని వారాలపాటు నేర్పారు. ఏది చెప్పాలి, ఏది చెప్పకుండా దాచుకోవాలి అన్నది ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. శిక్షణ క్లాసులకు వాళ్ళు వచ్చి సిబ్బంది ముందు మాట్లాడారు. వాళ్ళతోపాటు, ముందే ఇలాంటి రోగులను చూసి బాగుచేసిన తోటి ఆరోగ్య కార్యకర్త ఒకరు కూడా వచ్చి, "మొదట్లో నేనూ భయపడ్డాను" అని చెప్పేవారు. ఈ రెండో ఏర్పాటు నాకు చాలా తెలివైనదిగా తోచింది. రోగి మాట వినడానికి బింకపడే మనిషి కూడా తనలాంటి ఉద్యోగి మాట వింటాడు.

మామూలు శిక్షణ పొందిన కేంద్రాలనూ ఇలా శిక్షణ పొందిన కేంద్రాలనూ పోల్చిచూసి, ఫలితాలు 2021లో ప్రకటించారు. ఏడాది దాటాక చూసినా, కోలుకున్నవారి మాట విన్న సిబ్బందిలో రోగుల పట్ల చిన్నచూపు తక్కువగా ఉంది. అంతకన్నా విశేషం, వాళ్ళు జబ్బును గుర్తించడంలో కూడా మెరుగ్గా ఉన్నారు. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. భయం లేనివాడు ఎదురుగా కూర్చుని మరో రెండు ప్రశ్నలు అడుగుతాడు. భయపడేవాడు నిద్రమాత్ర రాసి పంపేస్తాడు. ఇది చిన్న పరిశీలనే, నిజమే. కానీ 2022లో లాన్సెట్ అనే వైద్యపత్రిక వేసిన సంఘం కూడా, మానసిక వ్యాధి మీద ఉన్న చిన్నచూపు తగ్గించడానికి అన్నిటికన్నా బాగా పనిచేసేది ఆ వ్యాధి అనుభవించినవారితో ముఖాముఖీ పరిచయమేనని తేల్చింది. ఆ సంఘానికి నాయకత్వం వహించిన ఇద్దరిలో ఒకరైన చార్లీన్ సంకెల్ స్వయంగా స్కిజోఫ్రీనియా అనుభవించినావిడ.

పుస్తకంలో లేనిది ఈ మాస్టార్లు ఏం చెబుతారు? మందుల సంగతే తీసుకోండి. ఈ మందులతో మగత, ఒళ్ళు పెరగడం, చేతులు వణకడం, నోరు ఎండడం ఉండవచ్చునని మా పుస్తకాల్లో వరసగా రాసి ఉంటుంది. పరీక్షలో అడిగితే గడగడా చెబుతాం. అదే పాలవ్యాపారం చేసే మనిషి వచ్చి, "రాత్రి మాత్ర వేసుకుంటే తెల్లవారుజామున మూడింటికి లేవలేను, లేవకపోతే నా ఖాతాలు పోతాయి, అందుకే మానేశాను" అంటే అప్పుడు "మగత" అన్న మాటకు అర్థం తెలుస్తుంది. మాత్ర వేళ మార్చి చూద్దామా, మందే మారుద్దామా అన్న ఆలోచన వస్తుంది. లేకపోతే "రోగి మందులు సరిగా వాడడం లేదు" అని కేసు షీటులో రాసి ఊరుకుంటాం. నెలసరి తప్పిపోయిందని కొందరు ఆడపిల్లలు, దాంపత్యం దెబ్బతిన్నదని కొందరు మగవాళ్ళు చెప్పలేక మందు ఆపేస్తారు. చెప్పలేకపోవడం తప్పు వాళ్ళది కాదు, అడగనివాడిది.

ఇంకొకటి. రోగి ఎదురుగా కూర్చుని ఉండగా డాక్టరు అతని తల మీదుగా అన్నగారిని అడుగుతాడు, "తింటున్నాడా? పడుకుంటున్నాడా?" అని. నా దగ్గరికి వచ్చిన ఒకామె కోలుకున్నాక ఇదే చెప్పింది. "నాకు అప్పుడు మతి సరిగా లేని మాట నిజమేనండీ. కానీ మీరు నన్ను చూడకుండా మా ఆయన్ని అడిగినది మాత్రం బాగా గుర్తుంది" అంది. ఆ రోజు నుంచి నా గదిలో కుర్చీలు జరిపించాను. ఇప్పుడు రోగి కుర్చీ నా బల్లకు దగ్గర, వెంట వచ్చినవారి కుర్చీ వెనుక.

"వాళ్ళు పాఠం చెప్పడమేమిటి?"

ఈ మాట తోటి డాక్టర్లే అంటారు. ఒక మనిషి అనుభవం శాస్త్రమవుతుందా? తాయెత్తుతో తగ్గిందని చెబితే? మందులు అక్కర్లేదని చెబితే? చెప్పనివ్వండి అంటాను నేను. వాళ్ళను మోతాదులు నేర్పమని ఎవరూ అడగడం లేదు, ఆ పాఠం ప్రొఫెసరుగారే చెబుతారు. తాయెత్తు కట్టించుకుని, గాలి సోకిందని మంత్రం వేయించుకుని, పెళ్ళి చేస్తే కుదురుతుందని పెళ్ళి చేసి, అన్నీ అయ్యాకే మన ఇళ్ళలో రోగి డాక్టరు దగ్గరికి వస్తాడు. ఆ దారి అంతా ఎలా నడిచి వచ్చాడో కుర్ర డాక్టరుకు తెలియకపోతే, మొదటి రోజే "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అని గదమాయించి పంపుతాడు. రెండో రోజు వాళ్ళు రారు.

నాకున్న బెంగ వేరు. మన దగ్గర ఏ మంచిపనికైనా ఒక వేదిక, ఒక శాలువా, ఒక ఫోటో తయారవుతాయి. కోలుకున్నాయన్ని పిలిచి, ఏడిపించే కథ చెప్పించుకుని, చప్పట్లు కొట్టి, బస్సు ఛార్జీలు కూడా ఇవ్వకుండా పంపితే అది పాత "కేసు చూపించడమే", శాలువా ఒకటి అదనం. వచ్చి గెస్టు లెక్చరు ఇచ్చే డాక్టరుకు డబ్బిస్తారు, ఈయనకూ ఇవ్వాలి. పాఠంలో ఏముండాలో నిర్ణయించేటప్పుడు కూడా పిలవాలి.

మన దేశంలో దారి కొద్దిగా తెరుచుకుంది. 2017లో వచ్చి 2018 నుంచి అమలైన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, రోగుల హక్కులను కాపాడే సమీక్షా బోర్డుల్లో జడ్జి, సైకియాట్రిస్టు మొదలైనవారితోపాటు రెండు స్థానాలు ఉంచారు. వాటిలో మానసిక వ్యాధి ఉన్నవారు గానీ, వారిని చూసుకునేవారు గానీ, వారి తరఫున పనిచేసే సంస్థలవారు గానీ కూర్చోవచ్చు. డాక్టరు చేసినది సరా కాదా అని అడిగే కుర్చీలో కూర్చోగలిగిన మనిషి, డాక్టరుకు పాఠం చెప్పే కుర్చీలో కూర్చోలేడా? 2019 నుంచి ఎం.బి.బి.ఎస్. మొదటి ఏడాదిలోనే "రోగి కావడమంటే ఏమిటి?" అన్న పాఠం ఒకటి చేర్చారు. ఆ పాఠం చెప్పడానికి రోగికన్నా తగినవారెవరో నాకు తెలియదు.

మీరు చేయగలిగింది

ఇదంతా కాలేజీల సంగతి, మా ఇంట్లో ఏం చేయాలో చెప్పండి అంటారా? చాలా ఉంది. మీ ప్రతి రాకతోనూ మీ డాక్టరుకు మీరు ఏదో ఒకటి నేర్పుతూనే ఉంటారు.

వెళ్ళేముందు రోగి చేతే ఒక కాగితం మీద రాయించండి. నిద్ర ఎలా ఉంది, మాత్ర వేసుకున్నాక ఒంట్లో ఏమవుతోంది, తాను మళ్ళీ ఏ పని చేయాలనుకుంటున్నాడు. మూడో సంగతి ఎవరూ అడగరు, అదే ముఖ్యం. రాయలేని స్థితిలో ఉంటే అతని మాటల్లోనే మీరు రాయండి, మీ మాటలు కలపకండి. గదిలోకి వెళ్ళాక మొదట అతన్నే మాట్లాడనివ్వండి. మీరు చెప్పవలసింది తర్వాత చెప్పండి, వీలైతే అతని ఎదుటే. మందుతో ఇబ్బందిగా ఉంటే ఆపేసి దాచిపెట్టకుండా, ఉన్నది ఉన్నట్టు డాక్టరుతో అనండి. తగ్గింది కదా అని సొంతంగా మానేస్తే చాలా జబ్బులు తిరగబెడతాయి, ఎప్పుడు ఎంత తగ్గించాలో డాక్టరు చూసి చెప్పాలి.

"ఈ జబ్బు వచ్చి తగ్గినవారెవరితోనైనా మాట్లాడించగలరా?" అని మీ డాక్టరును అడిగి చూడండి. ఆయన తన పాత రోగిని అడిగి, వారు ఒప్పుకుంటే కలపవచ్చు. ఒప్పుకోకపోతే పేరు కూడా చెప్పకూడదు. కొత్తగా జబ్బు పడిన కుర్రవాడి తల్లికి, అదే జబ్బు దాటిన మనిషితో గడిపిన అరగంట ఎంత బలమిస్తుందో నేను కళ్ళారా చూశాను.

నయమయ్యాక ఒకసారి వెళ్ళి కనిపించండి. ఇది నా స్వార్థం అనుకున్నా సరే. ఉద్యోగం వచ్చినప్పుడో, పిల్లకు బారసాల అయినప్పుడో మీకు వైద్యం చేసిన డాక్టరు దగ్గరికి వెళ్ళి పది నిమిషాలు కూర్చోండి. ఏ మాట మీకు పనికివచ్చింది, ఏ మాట గుచ్చుకుంది, రెండూ చెప్పండి. బాగుపడి ఇంటికి వెళ్ళినవాళ్ళు మాకు కనిపించరని మొదటే చెప్పాను కదా.

ఇక కాలేజీవాళ్ళో, నర్సింగు స్కూలువాళ్ళో విద్యార్థులతో మాట్లాడమని పిలిస్తే వెళ్ళాలా? అది కోలుకున్న మనిషే తేల్చుకోవాలి. తండ్రి గానీ, భర్త గానీ, డాక్టరు గానీ మొహమాటపెట్టకూడదు. "మీ చేతి చలవతో తగ్గిందండీ, మీరు రమ్మంటే రానా" అనేవాడు నిజంగా ఒప్పుకున్నట్టు కాదు. జబ్బు కొంతకాలంగా కుదురుగా ఉండాలి. పేరు చెప్పనక్కర్లేదు. ఫోటోలు, సెల్‌ఫోను వీడియోలు వద్దని ముందే అనాలి. అనుమతి లేకుండా రోగి ఫోటో గానీ వివరాలు గానీ పత్రికలకు, టీవీకి ఇవ్వకూడదని ఆ చట్టంలోనే ఉంది. మధ్యలో గొంతు పట్టుకుంటే ఆపి లేచి రావచ్చు. చెప్పి వచ్చిన రాత్రి నిద్ర పట్టకపోవచ్చు, పాతవన్నీ కదులుతాయి. ఆ రోజు ఇంట్లో ఎవరైనా తోడుండాలి. వద్దనిపిస్తే వద్దు. దాచుకోవడం కూడా వాళ్ళ హక్కే.

ఎక్కడికి వెళ్ళాలో తోచక ఇంట్లోనే మధనపడుతున్నవారు 14416కు ఫోను చేయవచ్చు. 2022లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు అది. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

మోటారు వైండింగు షాపాయన్ని నేను ఒకటి రెండుసార్లు అడిగాను, మా దగ్గరి నర్సింగు పిల్లలతో ఒక గంట మాట్లాడతారా అని. "ఆ రోజు మీరెవరూ చెప్పని జవాబు నన్ను చెప్పమంటారు, అంతేనా?" అని నవ్వాడు. కాసేపాగి, "అమ్మాయి పెళ్ళి కానివ్వండి, అప్పుడు చూద్దాం" అన్నాడు. మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నారు. మొన్ననే శుభలేఖ ఇచ్చి వెళ్ళాడు.